మెట్ల కింది సర్వర్

మా స్కానింగ్ సెంటర్ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ప్రమీలక్క గురించి ఒక మాట తిరుగుతోంది. సెంటర్‌లో ఉండే పాత సర్వర్‌ను ఆమె దుప్పటిలో చుట్టి, ఆటోలో వేసుకుపోయి, పాత ఇనుప సామాన్లు కొనేవాడికి అమ్ముకుందట. ఒకరు చెప్పినప్పుడు ఆ కొన్నవాడు హనుమకొండవాడు, ఇంకొకరు చెప్పినప్పుడు కాజీపేటవాడు. ఆ పైసలతో చర్చికి కొత్త మైకు కొనిచ్చిందని కొందరు, చుట్టాలను పిలిచి కోడికూర పెట్టిందని కొందరు.

"లోపల మన బొక్కల ఫొటోలన్నీ ఉన్నయట గదా. వాడు కొని ఏంజేస్కుంటడో" అంటుంది టీ కొట్టు రాజేశ్వరి. అందరూ నవ్వుతారు. నవ్విన తరువాత ఒకరిద్దరు తమ ఛాతీ వైపు చూసుకుంటారు.

అందులో కొంత నిజమే. దుప్పటి నిజం, ఆటో నిజం. మిగతాది తెలియాలంటే ప్రమీలక్క ఎలాంటి మనిషో, ఆ సర్వర్ ఎలాంటి చోట ఉండేదో చెప్పాలి. సెంటర్‌లో టోకెన్లు ఇచ్చేదీ గదులు ఊడ్చేదీ నేనే. ప్రమీలక్క బల్లకూ నా స్టూలుకూ మధ్య ఒక నీళ్ల క్యాను మాత్రమే అడ్డం.

ఆమెది మడికొండ. తండ్రి మిషన్ హాస్టల్‌లో వంటమనిషి. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకుని మొదట ఎస్టీడీ బూత్‌లో కూర్చుంది. ఎవరు ఎవరితో ఫోన్లో ఏడ్చారో, ఎవరు ఎవరికి అబద్ధం చెప్పారో అద్దం ఇవతల నుంచి విని, సాయంత్రం ఇంటికి పోయి తమ్ముడు విన్సెంట్‌కు చెప్పేది. ఫోన్ బూత్‌లు మూతపడ్డాక జిరాక్స్ షాపు. అక్కడ ఊళ్లోవాళ్ల భూముల కాగితాలు, విడాకుల కాగితాలు చదివేది. తరువాత మా స్కానింగ్ సెంటర్‌కు వచ్చింది. ఇక్కడ చదవడానికి మనుషుల లోపలి భాగాలే దొరికాయి.

ప్రమీలక్క ఎవరినీ పేరు పెట్టి పిలవదు. "తలకాయ ఎవరు? తలకాయ లోపలికి నడువు. కడుపు, నువ్వు ఇంకో బాటిల్ నీళ్లు తాగు. ఓ మోకాలు, నిన్నే, చెవులు కూడ పోయినయా?" అని అరుస్తుంది. ఒకసారి ఒక ముసలాయన, "నాకొక పేరున్నది బిడ్డా" అన్నాడు. "ఉంటే ఇంట్ల పెట్టుకో తాతా. ఇక్కడ నువ్వు కిడ్నీలో రాయివి" అన్నది. అందరికంటే ముందు ఆయన కూతురే నవ్వింది. ప్రమీలక్క చీర పిన్నీసుతో పళ్లు కెలుక్కుంటూ, దాన్నే మళ్లీ చీరకు పెట్టుకుని, అదే చేత్తో రోగుల కాగితాలు అందుకునేది. ఆమె బల్ల తుడిచేటప్పుడు నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

సర్వర్ మెట్ల కింద ఉండేది. పక్కనే రోగుల బాత్రూం. కడుపు స్కానింగ్ కోసం నీళ్లు తాగి తాగి కూర్చున్నవాళ్లు ఒకరి వెనుక ఒకరు అందులోకి పరుగెత్తేవారు. నీళ్లు సరిగా పోయేవి కావు. ఆ తడి గోడ గుండా మెట్ల కిందికి పాకి, గోడ అడుగున నల్లటి బూజుగా మారింది. ఊళ్లనుంచి రోగులను తీసుకొచ్చే ఆర్‌ఎంపీ డాక్టర్లకు పండగ పూట ఇవ్వాలని మా సెంటర్ ఓనరు ఓంప్రకాశ్ సార్ కొనిపెట్టే మిఠాయి డబ్బాలు కూడా ఆ గదిలోనే. అందుకని ఎలుకలు వచ్చాయి. రోజూ నేను చీపురు పెడితే పెంటికలు చాటెడు వచ్చేవి. ఒకసారి వైర్ల కట్ట వెనుక, ఇంకా కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు ఒకదాని మీద ఒకటి కదులుతూ కనబడ్డాయి. ఫినాయిలు, ఎలుకల ఉచ్చ, వేడెక్కిన ప్లాస్టిక్ కలిసి ఒక కంపు తయారయ్యేది. దానికి ఇంకో పేరు నాకు తెలియదు. ఆ గది తలుపు తీస్తే అన్నం సయించేది కాదు.

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల జనం ఊపిరితిత్తులు, వెన్నుపూసలు, కడుపులో బిడ్డలు, అన్నీ ఆ కంపులోనే భద్రంగా ఉండేవి. ఎండాకాలంలో సర్వర్ ఆగిపోతే ప్రమీలక్క వెళ్లి చెప్పుతో ఒకటి వేసేది. ఒక్కోసారి పనిచేసేది.

ఓంప్రకాశ్ సార్ ఓనరు మాత్రమే. అంతకుముందు పురుగుమందుల షాపు ఉండేది. డాక్టరు కాదు. రిపోర్టులు రాసే డాక్టరు హైదరాబాద్‌లో ఉంటాడు, వారానికి ఒకసారి వచ్చేవాడు. సర్వర్‌కు మంచి గది ఇవ్వండి, ఇంకో కాపీ తీసి వేరేచోట పెట్టండి అని ఆయన వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. సార్ తల ఊపి నాకు చెప్పేవాడు: "ఆ తలుపు దగ్గర ఫినాయిల్ ఎక్కువ కొట్టు."

నిరుడు కాక ముందటేడు హరికృష్ణ అనే అతను వచ్చాడు. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున క్లౌడ్ అమ్ముతాడు. అతని సెంటు వాసన గేటు దగ్గరే తెలిసింది. సర్వర్ గది చూస్తానన్నాడు. తలుపు తీశాను. ఒక్క అడుగు లోపల వేసి, కర్చీఫ్ ముక్కుకు పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సర్, మీ బిజినెస్‌కు గుండెకాయ ఇది. దీన్ని బాత్రూం పక్కన పెట్టారు" అన్నాడు.

"జాగ లేదు గదా" అన్నాడు సార్.

"అదే సర్ నేను చెప్పేది. సర్వర్ మీ దగ్గరుంటే జాగా కావాలి, ఏసీ కావాలి, కరెంట్ పోతే బ్యాటరీలు కావాలి, రిపేర్ వస్తే మనిషి కావాలి. మంట లేచినా, వాన పడ్డా, దొంగ వచ్చినా మీదే బాధ్యత. క్లౌడ్ అయితే అవన్నీ మేం చూసుకుంటాం. మీరు నెలనెలా కట్టడమే. మీ డాక్టర్ గారు ఇంట్లో కూర్చునే స్కాన్ చూసుకోవచ్చు. పేషంట్ ఫోన్‌కు లింక్ పోతుంది. ఫిల్మ్ ఖర్చు కూడా లేదు."

"ఇంతకీ అవి యాడ ఉంటయి?"

"ఎక్కడైనా ఉంటాయి సర్. మీరు చూడక్కర్లేదు."

సార్ ముఖం ఆ ఒక్క మాటకు వెలిగింది.

ప్రమీలక్క కుర్చీలోంచే అడిగింది: "నెట్ పోతే?"

"ఇంకో లైన్ పెట్టుకుంటారు మేడం."

"మేం నెలనెలా కట్టకపోతే? మా బొక్కలు మాకిస్తరా, ఇయ్యరా?"

"మేడం చాలా షార్ప్" అని హరికృష్ణ నవ్వాడు. సార్ కూడా నవ్వాడు. అప్పటికే మిఠాయి డబ్బా తెప్పించాడు, మెట్ల కింది గదిలోంచే. హరికృష్ణ ఒక లడ్డూ తిన్నాడు. ఆ డబ్బా మూల ఎలుక కొరికి ఉండటం నేను చూశాను.

న్యాయంగా చెప్పాలంటే, క్లౌడ్ వచ్చాక పని తేలికైంది. హైదరాబాద్ డాక్టరు ఇంట్లోంచే చూసి గంటలో రిపోర్టు పంపేవాడు. ఇదివరకు ఒక్కో రోగి రెండు మూడు రోజులు తిరిగేవాడు. కరెంటు పోయినా పాత స్కాన్లు పోతాయన్న భయం లేదు. ఎలుక ఎంత పెద్దదైనా అక్కడిదాకా ఎక్కలేదు. సొంత సర్వర్ పెట్టుకోవడం చెడ్డదని అప్పుడు నేను అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే, చెడ్డది అది కాదు. ఎన్నేళ్లున్నా దానికి మా సార్ ఒక ఎలుకల బోను కూడా కొనలేదు, అంతే.

లింకులు మాత్రం వింత చోట్లకు పోయాయి. ఊళ్లనుంచి వచ్చేవాళ్లలో చాలామందికి తమ నంబరు నోటికి రాదు, కొందరికి ఫోనే లేదు. తీసుకొచ్చిన ఆర్‌ఎంపీ నంబరే చెప్పేవారు. నెక్కొండ వైపు ఊళ్లకు కట్టయ్య డాక్టరు ఆర్‌ఎంపీ. ఆ ఊళ్ల స్కాన్లన్నీ ఆయన ఫోనుకే పోయేవి. ఆయన హోటల్ దగ్గర కూర్చుని అందరి ముందూ ఫోను తెరిచి, "ఏమే, నీ గర్భసంచిల గడ్డ ఉన్నదట" అని దారిన పోయే ఆడమనిషికి అరిచి చెప్పేవాడని విన్నాను. ఆయన మా సెంటర్‌కు వచ్చినప్పుడు సార్ లేచి నిలబడి కుర్చీ వేసేవాడు. ఆ కుర్చీ తుడవడమంటే నాకు ప్రమీలక్క బల్ల కన్నా అసహ్యం.

మొన్న ఎండాకాలంలో యాకమ్మ వచ్చింది. నెక్కొండ దగ్గరి పల్లె. మిరపచేలల్లో కూలికి పోతుంది. వెంట కోడలు వినోద. దగ్గు తగ్గకపోతే పెద్ద దవాఖానలో స్కాన్ తీస్తే, ఊపిరితిత్తిలో ఒక మచ్చ కనబడిందట. అక్కడి డాక్టరు చెప్పినది వినోద అప్పజెప్పింది: "కరోనప్పుడు మా అత్తకు ఇక్కడ్నే స్కాన్ తీసిండ్లు గదా. అప్పుడు కూడ ఆ మచ్చ అంతే ఉంటే అది పాత గాయమట, ఫికర్ లేదట. అప్పుడు లేకుంటే మాత్రం ఛాతి కోసి ముక్క తియ్యాలన్నడు. బుధవారం దాక టైమిచ్చిండు. ఆ పాత స్కాన్ కావాలె అక్కా."

"అప్పుడు ఫిల్మ్ ఇచ్చినం గదా. అదేది?" అన్నది ప్రమీలక్క.

"కాలవెట్టినం."

"ఏందీ?"

"కరోన మనిషి సామాన్లని చాప, దుప్పటి, చీరెలు, ఆ కవరు, అన్నీ ఇంటెనుక కుప్ప పోసి కాలవెట్టినం. ఊళ్లె అందరు గట్లనే జేసిండ్లు. రిపోర్ట్ కాయితం జేబుల ఉండి బతికింది. దాంట్ల కరోన సంగతే రాసిండ్లు, మచ్చ సంగతి రాయలే. బొమ్మ జూస్తెనే తెలుస్తదట."

యాకమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. "ఛాతి కోస్తె మళ్ల చేన్ల వంగుతనా బిడ్డా? వంగకుంటె నన్నెవలు పిలుస్తరు కూలికి?" అని అడిగింది.

"ఓ ఊపిరితిత్తి, జర కూసో. ఏడ్వకు, కంప్యూటర్ జూడనియ్యి" అన్నది ప్రమీలక్క.

క్లౌడ్‌లో యాకమ్మ పేరు కొడితే ఎందరో వచ్చారు. నంబరు అడిగితే కట్టయ్య డాక్టరు నంబరు చెప్పింది వినోద. ఆ నంబరుకు ఒకే మనిషి ఉన్నాడు: 'కట్టయ్య, పురుషుడు'. ఆయన పేరు కింద కరోనా రోజుల స్కాన్లు వరుసగా ఉన్నాయి, రోజుకు ఒక్కటి. ప్రమీలక్క ఒక్క క్షణం తెర వైపు చూసింది. తరువాత భుజాలెగరేసింది. రిపోర్ట్ కాగితంలో యాకమ్మ వచ్చిన తేదీ చూసి, ఆ రోజు స్కాన్ తీసి, పేరు మార్చి సీడీలో ఎక్కించి ఇచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. అంత సులువుగా ఒక మనిషి పేరు ఇంకొకరి ఊపిరితిత్తుల మీద పడింది.

తరువాతి రోజు వినోద ఒక్కతే వచ్చింది. సీడీని బల్ల మీదికి విసిరింది.

"ఇది మగోనిది" అన్నది.

ప్రమీలక్క పిన్నీసు నోట్లోంచి తీసింది.

"నిన్న డాక్టరు దీన్ని జూసి, మచ్చ లేదు, అంటే కొత్తగ వచ్చింది, కొయ్యాల్సిందే అని కాయితం రాసిండు. మా అత్త అక్కడ్నే కూలవడ్డది. మళ్ల ఎందుకో ఇంకోసారి జూసి, ఇది ఆడమనిషి ఛాతి కాదమ్మా, ఎవలిది తెచ్చిండ్లు అన్నడు. అందరు నవ్విండ్లు. మూడేండ్లసంది మా అత్త ఊపిరితిత్తులు ఎవని పేరు మీద ఉన్నయి? ఆ మగోడెవడు? వాని రోగం మాకెందుకిచ్చినవ్? నీ నోట్ల మన్నువడ."

ప్రమీలక్కను ఎవరైనా అంతలా తిట్టి, తిరిగి తిట్లు తినకుండా పోవడం అదే మొదటిసారి. వినోద వెళ్లాక ఆమె చాలాసేపు 'కట్టయ్య, పురుషుడు' అన్న వరుసను కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. తరువాత నాతో అన్నది, నాతో అన్నట్టు కాకుండా:

"కరోనల కట్టయ్య జీపులల్ల ఎక్కించుక వచ్చెటోడు. దగ్గుకుంట నిలవడెటోళ్లు. నంబరు అడిగితే నోరు తెరుస్తరని భయమయ్యేది. అందరికీ వాని నంబరే కొట్టిన. ఎవలు జూస్తరులే అనుకున్న."

పాత సర్వర్‌లో అలా కొట్టినా నష్టం రాలేదు. అక్కడ ఫోను నంబరు ఒట్టి ఒక గడి. వచ్చిన ప్రతి మనిషికీ వేరే సీరియల్ నంబరు, ఊరు, తండ్రి పేరో భర్త పేరో ఉండేవి. క్లౌడ్‌లో మాత్రం ఫోను నంబరే మనిషి. హైదరాబాద్‌లో కూర్చుని చేసినవాళ్లకు ఒక మనిషికి ఒక ఫోను ఉంటుందని తెలుసు. ఒక ఊరికి ఒక ఫోను ఉంటుందని తెలియదు. పాతవన్నీ ఎక్కించేటప్పుడు, ఒకే నంబరు మీద, ఒకే రోజు, ఒకే రకం స్కాన్లు కనబడితే, ఒకదాన్నే మళ్లీ మళ్లీ దాచారనుకుని క్లౌడ్ ఒక్కటి ఉంచి మిగతావి వదిలేసింది. ఆ జీపులో వచ్చినవాళ్లందరిలో ఎవడో ఒక మగవాడు మిగిలాడు. యాకమ్మ మిగలలేదు.

ప్రమీలక్క హరికృష్ణకు ఫోను చేసి స్పీకర్ పెట్టింది.

"మేడం, మీ డేటా హండ్రెడ్ పర్సెంట్ సేఫ్."

"సేఫే సారూ. ఎవలిదో తెలుస్తలేదు, అంతే."

"డూప్లికేట్స్ తీసేయడానికి మీ సర్ ఓకే చెప్పారు మేడం. స్టోరేజ్ తగ్గితే బిల్ తగ్గుతుంది కదా. మీరొక కంప్లైంట్ రెయిజ్ చేయండి, మా టీం చూస్తుంది."

"బుధవారం లోపల చూస్తదా?"

"ప్రాసెస్ ఉంటుంది మేడం."

ఆమె సార్ గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. సార్ జామపండు కోసుకుని ఉప్పుకారం అద్దుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"క్లౌడ్‌ల లేకుంటే లేదని రాసియ్యి" అన్నాడు.

"పాత సర్వర్ల ఉంటది సార్. ఒకసారి తెరిపిద్దాం."

"దాన్ని ముట్టకు. అది చచ్చింది. లోపల ఎలుకలు కాపురం పెట్టినయ్."

"ఆమెకు ఛాతి కోస్తరు సార్."

"డాక్టర్లు కోస్తరు, నేను కోస్తనా? ఇగో ప్రమీలా, ఇయ్యాల ఈమెకు తీసిస్తే రేపు ఊరూరు వచ్చి నాది చూపియ్యి, నాది చూపియ్యి అంటది. నీ తప్పు కూడ బయటపడ్తది, జర ఆలోచించుకో." జామపండు ముక్క ఆమె వైపు చాపాడు. "తిను, తియ్యగున్నది."

ఆమె తీసుకోలేదు. బయటికి వచ్చి, వాకిట్లో ఉమ్మేసి, మళ్లీ కూర్చుంది.

ఆదివారం సెంటర్‌కు సెలవు. నేను గదులు కడగడానికి పోతాను. ఆ రోజు ప్రమీలక్క చర్చి చీరలోనే వచ్చింది, చర్చికి పోకుండా. "మెట్ల కింద తలుపు తియ్యి" అన్నది. తీశాను. క్లౌడ్ వచ్చాక ఆ గదిని ఎవరూ తెరవలేదు. లోపలి గాలి మా ముఖాల మీదికి వచ్చింది. ప్రమీలక్క గోడ పట్టుకుని డోకింది. మూతి తుడుచుకుని లోపలికి దూరి, వైర్లు పీకి, సర్వర్ డబ్బాను ఒళ్లోకి లాక్కుంది. స్కాన్ గది దుప్పటి తెచ్చి ఇద్దరం చుట్టాం. దుప్పటి అడుగు వెంటనే పచ్చగా తడిసింది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మేము ఆటో ఎక్కడం చూశారు. "ప్రమీలా, ఏందే అది, పెండ్లిపిల్లనా?" అని ఒకాయన అరిచాడు. "మీ అమ్మమ్మ" అని ఈమె అరిచింది.

విన్సెంట్‌కు కాజీపేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. డబ్బా మూత విప్పి వెంటనే బయటికి పరుగెత్తాడు.

"ఇది తెచ్చినవేందే అక్కా! దీన్ని బొందవెట్టాలె గని రిపేర్ జేస్తరా?"

లోపల ఫ్యాను చుట్టూ మిఠాయి డబ్బాల కాగితం, వైర్ల తొక్క, జుట్టు, దూది కలిపి గూడు కట్టి ఉంది. గూడులో ఒక ఎలుక ఎండి అట్టయిపోయింది. దాని తోక ఫ్యానుకు చుట్టుకుని ఉంది. ఉచ్చ పడిన చోటల్లా ఇనుము తుప్పుపట్టి పొంగింది. విన్సెంట్ మూతికి టవల్ కట్టుకుని పట్టుకారుతో ఒక్కొక్కటే తీశాడు. ప్రమీలక్క పాత పేపరు పట్టుకుని నిలబడింది. ముఖం పక్కకు తిప్పుకుంది. ఎప్పుడూ ఏ వాసనకూ ముఖం చిట్లించని మనిషి.

హార్డ్ డిస్క్ మాత్రం ఇనుప గూటిలో ఉండి బతికింది. ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే మొదట కీచుమని ఏడ్చింది. తరువాత తిరిగింది. పాత ప్రోగ్రాం తెరుచుకుంది. పేరు, ఊరు, భర్త పేరు కొట్టింది ప్రమీలక్క. యాకమ్మ వచ్చింది. ఆ రోజు జీపులో వచ్చిన మిగతావాళ్లు కూడా ఆమె పైనా కిందా వరుసగా ఉన్నారు, ఎవరికి వారు.

"అందరివీ కాపీ తీసి పెట్టుకోనా అక్కా? మళ్ల ఇది లేస్తదో లేవదో."

"వద్దు. ముట్టకు. నీ షాపుకు అందరు వస్తరు, పోతరు. ఆమెది ఒక్కటి తియ్యి, మిగతాయి మూసెయ్యి." ఫోన్ బూత్‌లో విన్న ఏడుపులన్నీ తమ్ముడికి మోసిన మనిషి ఆ మాట అన్నది. ఒక సీడీ తీసుకుని, డిస్క్‌ను మళ్లీ డబ్బాలోనే బిగించమన్నది.

సోమవారం మధ్యాహ్నం భోజనం వేళ ఆమే స్వయంగా పెద్ద దవాఖానకు పోయి వినోద చేతికి సీడీ ఇచ్చింది. డాక్టరు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశాడట. మచ్చ అప్పుడూ ఉంది. అంతే ఉంది, అక్కడే ఉంది. ఎప్పుడో టీబీ వచ్చి మానిన గుర్తు, కోయనక్కర్లేదు, దగ్గుకు మందు రాస్తానన్నాడట. యాకమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రమీలక్కకు థాంక్స్ ఎవరూ చెప్పలేదు. వినోద మాత్రం, "ఆ మగోనికి కూడ చెప్పు, వాని స్కాన్ మా అత్త పేరుమీద తిరిగిందని" అన్నదట. ఈ సంగతి ప్రమీలక్కే నాకు చెప్పింది. చెప్పి, "అన్నది నిజమే గదా" అన్నది.

ఆ వారంలోనే టీ కొట్టు మాట పుట్టింది. సార్ చెవిన కూడా పడింది. ఆమెను పిలిచాడు. నేను నేల తుడుస్తూ గుమ్మం దగ్గరే ఉన్నాను.

"అమ్ముకున్నవట?"

"మెట్ల కింద తలుపు తీసి చూడు సార్."

సార్ ఆ తలుపు వైపు చూశాడు. జేబులోంచి కర్చీఫ్ తీశాడు. లేవలేదు. నాకు ఎప్పుడూ లేని ధైర్యం వచ్చి, "నేను తీసి చూపిస్త సార్" అన్నాను.

"నువ్వు నీ పని జూస్కో. ఆ తలుపు తీస్తే పేషంట్లు పారిపోతరు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి ప్రమీలక్కతో అన్నాడు: "పోయిందంటెనే మంచిది ప్రమీలా. ఉన్నదంటే అందరికీ జవాబు చెప్పాలె. నేను కేసు పెట్టను. రేపటిసంది నువ్వు రాకు."

హరికృష్ణకు కూడా ఫోనులో అదే చెప్పాడు: పాత సర్వర్ దొంగతనమైంది, పాత స్కాన్ల కోసం ఎవరైనా వస్తే లేవని చెప్తున్నాం. హరికృష్ణ ఏమన్నాడో వినబడలేదు. సార్ నవ్వాడు. టీ కొట్టుకు పోయి, "ఏంజేస్తం, నమ్మి పెట్టుకున్నం" అని కూడా అన్నాడట. ఆ మాట తరువాత దొంగతనం సంగతి ఊళ్లో ఇంకా గట్టిపడింది.

మెట్ల కింది గది వాడుకలో ఉన్నన్నాళ్లూ ఎంత అసహ్యమైనా దాని కంపు బయటికి వచ్చేది. దారిన పోయేవాడు కూడా లోపల ఏదో కుళ్లిందని తెలుసుకునేవాడు. ఇప్పుడు మా సెంటర్‌లో చల్లటి ఏసీ, నిమ్మకాయ వాసన వేసే స్ప్రే. తెల్లటి తెర మీద 'కట్టయ్య, పురుషుడు' అని నీటుగా అక్షరాలు. ఆ పేరు కింద ఎన్ని ఊళ్ల మనుషులు ఒకరిలోకి ఒకరు కుక్కి ఉన్నారో వాసన చూసి చెప్పేవాడు లేడు. నాకు ఇదే ఎక్కువ అసహ్యంగా ఉంది.

ప్రమీలక్క ఇప్పుడు కాజీపేటలో ఒక మందుల షాపులో కూర్చుంటోంది. అక్కడ కూడా "ఓ బీపీ, ఇటు రా" అనే పిలుస్తుందని విన్సెంట్ చెప్పాడు. ఎవరైనా ఫోను నంబరు చెప్తే మాత్రం, "నీదేనా? ఇంకెవలిదన్ననా?" అని రెండుసార్లు అడుగుతుందట. జనం విసుక్కుంటారట.

ఆదివారం ఆటోలో పోవడం టీ కొట్టువాళ్లందరూ చూశారు. సోమవారం తెల్లవారగానే టీ కొట్టు తెరవకముందే మరో ఆటో వచ్చి ఆగడం ఎవరూ చూడలేదు. ఇద్దరం డబ్బాను దింపాం. నేను తలుపు తీసి పట్టుకున్నాను, ఆమె వంగి లోపల పెట్టింది. సర్వర్ ఈ రోజుకూ మెట్ల కిందే ఉంది.